రోడ్డుకు ఇటు 1,179, అటు 707: ఇంటి నెట్ ధర ఎవరి చేతిలో ఉంది?

బెళ్లందూరు_బాటసారి (శనివారం, రాత్రి 10:40)

అందరికీ నమస్కారం. మాది బెంగళూరులో బెళ్లందూరు దగ్గర 240 ఫ్లాట్ల అపార్ట్‌మెంటు. 100 ఎంబీపీఎస్ కనెక్షన్‌కి నెలకు 999, జీఎస్టీ కలిపి 1,179 కడుతున్నాను. నిన్న మా బాబాయి కొడుకు ఇంటికి భోజనానికి వెళ్లాను. మా గేటు ఎదురుగా రోడ్డు దాటితే వచ్చే సందులో ఉంటాడు, మూడంతస్తుల బిల్డింగు. అదే స్పీడు, 599 ప్లాను, జీఎస్టీతో 707. "అన్నా, స్విమ్మింగ్ పూల్‌కి కూడా నెట్ పెట్టించావా?" అని నవ్వాడు. తిన్నది సహించలేదు.

ఇద్దరం ఒకే ఊళ్లో, ఫోన్, నెట్ కంపెనీలని అదుపులో పెట్టే ఒకే రెగ్యులేటర్ ట్రాయ్ కింద ఉన్నాం. మన దేశంలో నెట్ చవక అని పేపర్లో చదివినప్పుడల్లా ఆ చవక మా గేటు దగ్గరే ఎందుకు ఆగిపోతోందా అనిపిస్తుంది. మా దగ్గర ఉన్నది ఒక్కటే కంపెనీ. ఇంకో కంపెనీకి ఫోన్ చేస్తే "మీ అపార్ట్‌మెంట్‌లో మాకు పర్మిషన్ లేదు సార్" అంటున్నారు. బయటి దేశాల్లో ఉన్నవాళ్లు, ఉండి వచ్చినవాళ్లు చెప్పండి. అక్కడా ఇంతేనా?

శ్రీకాకుళం_సీన (10:52)

ఇస్త్రీ దగ్గర్నుంచి ఇంటి అద్దె దాకా అపార్ట్‌మెంటు రేటు వేరు, సందు రేటు వేరు. నెట్ ఒక్కటే ఎందుకు మినహాయింపు గురువుగారూ?

ఫైబర్_పాపయ్య (11:15)

పదకొండేళ్లుగా ఈ తీగల పనిలోనే ఉన్నాను, ముందు హైదరాబాదు, ఇప్పుడు బెంగళూరు. చెబుతా వినండి.

మీ తమ్ముడి సందులో కరెంటు స్తంభం చూడండి. దానికి కనీసం నాలుగు డబ్బాలు వేలాడుతుంటాయి. ఒక్కో డబ్బా ఒక్కో కంపెనీది. ఇంటి ఓనరు ఊ అంటే చాలు, స్తంభం నుంచి కిటికీ దాకా తీగ లాగడానికి మా కుర్రాడికి గంట పని. అందుకే అక్కడ ఎవరూ 700 దాటి అడగలేరు. అడిగితే పక్క డబ్బావాడు తన్నుకుపోతాడు.

మీ అపార్ట్‌మెంటు సంగతి వేరు. గేటు నుంచి బేస్‌మెంటు, బేస్‌మెంటు నుంచి షాఫ్టు (తీగలు, పైపులు పైకి వెళ్లే నిలువు దారి), షాఫ్టు నుంచి ప్రతి ఫ్లోరు. ఆ దారి బిల్డరు చేతిలోనో అసోసియేషన్ చేతిలోనో ఉంటుంది. కట్టేటప్పుడే ఒక కంపెనీ వచ్చి "తీగలన్నీ మేమే ఉచితంగా వేస్తాం, ఇంకెవరినీ రానివ్వకండి" అని కాగితం రాయించుకుంటుంది. మీ 1,179కి కారణం ఆ కాగితం. వైరు ఖర్చు కాదు.

పాత_మోడెమ్ (11:40)

పాపయ్య గారు చెప్పింది నిజమే కానీ ముందు దేశం కథ చెప్పుకోవాలి. 1995 ఆగస్టు 15న ప్రభుత్వ సంస్థ విదేశ్ సంచార్ నిగమ్ మామూలు జనానికి ఇంటర్నెట్ ఇచ్చింది. అమ్మేది అదొక్కటే. 1998లో ప్రైవేటు కంపెనీలకు తలుపు తెరిచాకే ధరలు కదిలాయి. ఇంటి ఫైబర్‌లో పెద్ద కుదుపు 2019 సెప్టెంబరు 5న: జియోఫైబర్ 100 ఎంబీపీఎస్ 699కి మొదలైంది. ఏడాది తిరిగేసరికి 30 ఎంబీపీఎస్ 399కి వచ్చింది. ఎయిర్‌టెల్ 499 ప్లాను పెట్టింది. మన బెంగళూరులోనే పుట్టిన యాక్ట్ అనే నెట్ కంపెనీ లాంటివాళ్లూ స్పీడు పెంచక తప్పలేదు.

ఇందులో ప్రభుత్వం ధర కట్టిందా? లేదు. ఇంటి నెట్‌కి ఇంత రేటు ఉండాలని ట్రాయ్ చెప్పదు. కంపెనీ తనకు నచ్చిన రేటు పెట్టుకుని, ట్రాయ్‌కి తెలియజేస్తే చాలు. పోటీ ఉంటే ధర దానంతటదే దిగుతుంది. రెగ్యులేటర్ పక్కన కూర్చుంటే చాలని నా నమ్మకం.

లండన్_కోడలు (ఆదివారం, ఉదయం 6:05)

మాస్టారూ, ఆ నమ్మకంతో ఒక్కసారి మా ఊరు రండి. ఇక్కడ పాత టెలిఫోన్ తీగలన్నీ బీటీ అనే పాత ఫోన్ కంపెనీవే. రెండో కంపెనీ ఇంగ్లండ్ అంతా మళ్లీ తవ్వి తీగ వేయాలంటే ఎప్పటికయ్యేది? అందుకే ఇక్కడి రెగ్యులేటర్ ఆఫ్‌కామ్ గట్టిగా పట్టుకుంది. తీగలు చూసుకునే భాగాన్ని 2006లో ఓపెన్‌రీచ్ అని విడగొట్టారు. 2017లో దాన్ని వేరే కంపెనీగా చేసే ఒప్పందం కుదిరింది. బీటీ సొంత దుకాణానికి ఏ రేటో, ఎదుటి దుకాణానికీ అదే రేటుకి తీగ ఇవ్వాలి. ఇప్పుడైతే బీటీ భూగర్భ గొట్టాల్లో, స్తంభాల మీద వేరేవాళ్లు తమ ఫైబర్ కూడా వేసుకోవచ్చు. మా గోడలోంచి వచ్చే తీగ ఒక్కటే, దాని మీద నెట్ అమ్మేవాళ్లు బోలెడుమంది.

అలాగని ఇది స్వర్గమేమీ కాదు. 18 నెలలో 24 నెలలో కాంట్రాక్టు అయిపోయిన మర్నాడు బిల్లు ఎగిరి కూర్చుంటుంది. గుర్తుపెట్టుకుని ఫోన్ చేసి దెబ్బలాడినవాడికి తగ్గిస్తారు. మా అత్తగారు మొహమాటానికి పోయి మూడేళ్లు ఎక్కువ కట్టారు. ఇంకో తమాషా చూడండి, కాంట్రాక్టు మధ్యలోనే ఏటా ద్రవ్యోల్బణం మీద మరో 3.9 శాతం కలిపి పెంచేవారు. 2025 జనవరి 17 నుంచి కొత్త కాంట్రాక్టుల్లో అది కుదరదు, ఎన్ని పౌండ్లు పెంచుతారో ముందే చెప్పాలి. పోటీ ఉన్నచోటే రెగ్యులేటర్‌కి ఇంత పని పడింది.

తిరిగొచ్చినవాడు (7:30)

మెల్‌బోర్న్‌లో తొమ్మిదేళ్లు ఉండి వచ్చాను, ఇప్పుడు సర్జాపుర రోడ్డు. ఆస్ట్రేలియా వాళ్లు ఇంకో అడుగు ముందుకేశారు. 2009లో ప్రభుత్వమే ఎన్‌బీఎన్ అని కంపెనీ పెట్టింది. తీగ దానిది, అమ్మకం మాత్రం ప్రైవేటు కంపెనీలది. కాగితం మీద చూస్తే ముచ్చటేస్తుంది. కానీ దుకాణాలు ఎన్ని ఉన్నా గోడౌన్ ఒకటే. గోడౌన్ రేటు కంటే కిందికి ఎవడు అమ్ముతాడు? అందుకే ఏ కంపెనీ దగ్గరికి వెళ్లినా అటూ ఇటుగా అదే బిల్లు.

మరో చిక్కు. కనెక్షన్‌కి ఒక రుసుం, దాని మీద అందరూ కలిసి వాడే కెపాసిటీకి సీవీసీ అని ఇంకో రుసుం ఉండేది. ఖర్చు తగ్గించుకోవడానికి కొందరు ఆ కెపాసిటీ తక్కువ కొనేవారు. రాత్రి ఎనిమిదికి ఊరంతా సినిమా పెట్టగానే నెట్ నత్తనడక. పైగా 2013లో ప్రభుత్వం మారాక ఇంటింటికీ ఫైబర్ అన్న మాట పక్కనపెట్టి, చాలాచోట్ల పాత రాగి తీగనే వాడారు. ఆ పని ఇప్పుడు మళ్లీ చేసుకుంటున్నారు.

పాత_మోడెమ్ (7:41)

చూశారా, ప్రభుత్వం వేలు పెడితే అంతే.

లండన్_కోడలు (7:44)

అది గోడౌన్ రేటు తప్పు మాస్టారూ. గోడౌన్ ఉండటం తప్పు కాదు.

పెన్నాతీరం (9:20)

ప్రభుత్వం వేలు పెట్టని దేశం చూద్దాం. మా అక్క డాలస్‌లో ఉంటుంది. నెలకు 80 డాలర్లు, చేతిలో ఉన్న ఎంపిక ఒక్క కేబుల్ కంపెనీ. నిజానికి అమెరికాలో 1996 చట్టం ఫోన్ కంపెనీలను తమ తీగలు పోటీదార్లకు అద్దెకివ్వమంది. కానీ 2002లో కేబుల్ నెట్‌కి ఆ బాధ్యత లేదని వాళ్ల రెగ్యులేటర్ ఎఫ్‌సీసీ తేల్చింది. 2005లో సుప్రీంకోర్టు సరే అంది. అదే ఏడాది ఫోన్ తీగల నెట్‌కీ సడలింపు వచ్చింది. ఇక ఎవడి తీగ వాడిదే. ఒక ఇంటికి మూడో తీగ వేయడానికి ఎవరికీ గిట్టుబాటు కాదు. కాబట్టి చాలా వీధుల్లో ఒకరో ఇద్దరో మిగిలారు.

పోటీ వచ్చిన చోట ఏమైందో కూడా చెప్పాలి. 2012లో గూగుల్ కాన్సస్ సిటీలో గిగాబిట్ నెట్ (అంటే 1,000 ఎంబీపీఎస్) 70 డాలర్లకి మొదలుపెట్టింది. తర్వాత ఏటీ అండ్ టీ కంపెనీ గూగుల్ ఉన్న ఊళ్లో ఒక రేటు, లేని ఊళ్లో అంతకంటే ఎక్కువ రేటు పెట్టింది. అదే కంపెనీ, అదే ఫైబర్. బాటసారి గారూ, మీ రోడ్డు కథే కదా ఇది?

చట్టనూగా అనే ఊళ్లో కరెంటు సరఫరా చేసే పురపాలక సంస్థే 2010లో గిగాబిట్ ఇచ్చింది. అది చూసి మిగతా ఊళ్లు ఉత్సాహపడేలోపే చాలా రాష్ట్రాల్లో చట్టాలు అడ్డొచ్చాయి. నార్త్ కరోలినాలో 2011లో అలాంటిది ఒకటి వచ్చింది.

శ్రీకాకుళం_సీన (9:33)

కరెంటు స్తంభాల మీద ఫైబర్ అంటే మన ఆంధ్ర గుర్తొచ్చింది. 2017 డిసెంబరులో ఏపీ ఫైబర్‌నెట్ అలాగే వచ్చింది కదా, నెలకు 149కి నెట్, టీవీ, ఫోను. ఊళ్లో కేబుల్ ఆపరేటరే ఇంటికి తీగ లాగేవాడు. మా నాన్నకి నెట్ కంటే ఛానెళ్లు ముఖ్యం, అది వేరే విషయం.

లక్ష్మీస్_కిచెన్ (10:10)

నాకు టెక్నికల్ విషయాలు తెలియవు. బెంగళూరు హెచ్ఎస్ఆర్ లేఅవుట్‌లో ఇంటి నుంచే వంటల వీడియోలు చేస్తాను. ఒక వీడియో ఎక్కించడానికి గంట పట్టేది. డౌన్‌లోడ్ 100 అని చెప్పి అప్‌లోడ్ 10 ఇచ్చారు. అదెక్కడా ప్లాన్‌లో రాసి లేదు. ధర పోల్చేటప్పుడు అది కూడా చూడరా మీరు?

పెన్నాతీరం (10:25)

మంచి మాట అన్నారండీ. ధర ఒక్కటే చూస్తే మోసపోతాం. 2024 ఏప్రిల్ నుంచి అమెరికాలో బిస్కెట్ ప్యాకెట్ మీద ఉన్నట్టు ప్రతి ప్లానుకీ ఒక చీటీ ఉండాలి: అసలు ధర, అదనపు రుసుములు, డౌన్‌లోడ్, అప్‌లోడ్, డేటా పరిమితి. మన దగ్గర బ్రాడ్‌బ్యాండ్ అంటే కనీసం 2 ఎంబీపీఎస్ అని నిర్వచనం మార్చింది 2023లోనే. అంతకుముందు 512 కేబీపీఎస్. నవ్వాలో ఏడవాలో మీరే చెప్పండి.

గ్రైండర్ శబ్దం లేకుండా మీ గోంగూర పచ్చడి వీడియో మళ్లీ పెట్టండి.

తిరిగొచ్చినవాడు (11:02)

పేదవాళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. అమెరికాలో నెలకు 30 డాలర్ల సాయం ఉండేది, 2 కోట్ల 30 లక్షల కుటుంబాలు చేరాయి. డబ్బులైపోయి 2024 జూన్ 1కి ఆగింది. న్యూయార్క్ రాష్ట్రం వేరే దారి పట్టింది. తక్కువ ఆదాయం వాళ్లకి 25 ఎంబీపీఎస్ 15 డాలర్లకే ఇవ్వాలని చట్టం చేసి 2025 జనవరి నుంచి అమలు పెట్టింది. వెంటనే ఏటీ అండ్ టీ తన 5జీ ఇంటి నెట్‌ని ఆ రాష్ట్రంలో అమ్మడం మానేసింది. ధరకి కళ్లెం వేస్తే ఒక్కోసారి గుర్రమే వెళ్లిపోతుంది.

కేరళలో ప్రభుత్వ నెట్ పథకం కె-ఫోన్ పేద కుటుంబాలకు ఉచిత కనెక్షన్ అంది. 2023 జూన్‌లో మొదలైంది. ఎంతమందికి చేరిందో అక్కడివాళ్లు ఎవరైనా చెబితే బాగుంటుంది.

బుకారెస్ట్_బాబాయ్ (మధ్యాహ్నం 1:15)

భోజనం చేసి వచ్చాను, నా వంతు. కంపెనీ పని మీద రెండేళ్లు రొమేనియాలో ఉన్నాను. యూరప్‌లో ఒక పేద దేశం, నెట్ మాత్రం మెరుపు. ఎలా అని అడిగితే అక్కడి కొలీగ్ నవ్వుతూ చెప్పాడు. తొంభైల చివర కుర్రాళ్లు వీడియో గేములాడుకోవడానికి అపార్ట్‌మెంటు బ్లాకుకీ బ్లాకుకీ మధ్య తీగలు కట్టుకున్నారట. అవే పేట నెట్‌వర్కులయ్యాయి. అడిగేవాడు లేడు, లైసెన్సు గొడవ లేదు. తర్వాత పెద్ద కంపెనీలు, ముఖ్యంగా ఇప్పుడు డిజీ అంటున్న సంస్థ, వాటిని ఒక్కొక్కటిగా కొనేశాయి. అప్పటికే జనానికి తక్కువ ధర అలవాటైంది. పెంచితే ఊరుకోరు.

అచ్చం మన కేబుల్ టీవీ కథ. డిష్ మేడ మీద, తీగ చెట్టు మీద, వసూలు సైకిల్ మీద.

లక్ష్మీస్_కిచెన్ (1:22)

ఆ చెట్టు మీది తీగలే మా వీధిలో మెడకు తగులుతున్నాయి. వాన పడితే టెన్షన్.

ఫైబర్_పాపయ్య (1:50)

అమ్మా, తగిలే తీగల్లో సగం చచ్చిన తీగలే. కస్టమర్ మారితే పాత తీగ ఎవరూ తీయరు. అప్పుడప్పుడు డ్రైవ్ పెట్టి బతికున్నవీ చచ్చినవీ కలిపి కత్తిరించేస్తారు. ఆ రోజు నా ఫోన్ మోగుతూనే ఉంటుంది. టెండర్‌ష్యూర్ పథకం కింద బాగుచేసిన రోడ్ల మీద, అంటే రెసిడెన్సీ రోడ్డు, సెయింట్ మార్క్స్ రోడ్డు లాంటి చోట్ల, ఫుట్‌పాత్ కింద గొట్టాలు వేశారు. తీగ అందులోంచి పోతుంది. ఊరంతా అలా ఉంటే స్తంభం ఎక్కే పనే ఉండదు. కానీ ఊరంటే ఆ నాలుగు రోడ్లే కాదు కదా.

పెన్నాతీరం (2:30)

స్టాక్‌హోమ్ చేసిందదే. 1994లో నగర పాలక సంస్థ స్టోకాబ్ అని కంపెనీ పెట్టి, నగరమంతా ఫైబర్ వేసి, పరికరాలేవీ తగిలించని ఉత్త తీగని అడిగినవాళ్లందరికీ ఒకే షరతుల మీద అద్దెకిచ్చింది. తను మాత్రం జనానికి నెట్ అమ్మదు.

బాటసారి గారికి అసలు పనికొచ్చేది ఫ్రాన్సు. 2002లో ఫ్రీ అనే కంపెనీ 29.99 యూరోలకి నెట్ ఇచ్చి ధర అక్కడ మేకు కొట్టినట్టు నిలబెట్టింది. అది చేయగలిగింది పాత ఫోన్ తీగల్ని రెగ్యులేటర్ తెరిపించబట్టే. ఫైబర్ వచ్చేసరికి అదే ప్రశ్న అపార్ట్‌మెంట్లలో లేచింది: ప్రతి కంపెనీ వచ్చి మెట్ల పక్కన గోడలు పగలగొట్టాలా? 2008 చట్టంతో తేల్చారు. బిల్డింగు లోపల ఒకరే తీగ వేస్తారు, కానీ దాన్ని మిగతావాళ్లకి తెరవాలి. స్విట్జర్లాండు ఇంకా ఘనం. చాలా నగరాల్లో ఇంటికి ఒకటి బదులు నాలుగు ఫైబర్ పోగులు వేశారు. అలాంటి చోట్ల 2021లో ఇనిట్7 అనే చిన్న కంపెనీ ఏడాదికి 777 ఫ్రాంకులకే 25 గిగాబిట్ ఇచ్చింది. ఆ చిన్నవాడికి సొంతంగా ఒక పోగు దొరికింది కాబట్టే కుదిరింది.

అమెరికాలో కూడా, అన్నీ వదిలేసినా, అపార్ట్‌మెంట్లని మాత్రం వదల్లేదు. "ఈ బిల్డింగులోకి మేమొక్కరమే" అనే ఒప్పందాలు చెల్లవని 2007, 2008లలో చెప్పారు. బిల్డింగు యజమానికి వాటా ఇచ్చి పోటీని బయట నిలబెట్టే కొన్ని ఏర్పాట్లని 2022లో ఆపారు.

బెళ్లందూరు_బాటసారి (2:41)

ఆగండాగండి. వాటానా? అంటే మా అసోసియేషన్‌కి...?

ఫైబర్_పాపయ్య (2:43)

అడగండి. అడగందే అమ్మైనా పెట్టదు.

టవర్_సి_1104 (సాయంత్రం 5:20)

ఇండియాలో కూడా ఏదో వచ్చింది కదా, బిల్డింగులకి రేటింగ్?

పెన్నాతీరం (5:48)

2024 అక్టోబరులో ట్రాయ్ నిబంధనలు తెచ్చింది. బిల్డింగులో నెట్ సదుపాయం ఎలా ఉందో చూసి నక్షత్రాలిస్తారు. కానీ అది కోరుకున్నవాళ్లకే. కొరియా ఇలాంటి ముద్ర 1999లోనే మొదలుపెట్టింది. అక్కడ జనం ఉండేది ఎక్కువగా అపార్ట్‌మెంట్లలోనే కాబట్టి బిల్డర్లు దాన్ని ప్రకటనల్లో వేసుకుని ఫ్లాట్లు అమ్ముకున్నారు. మన బిల్డర్ల ప్రకటనల్లో క్లబ్‌హౌస్, జకూజీ ఉంటాయి. ఎన్ని కంపెనీల నెట్ వస్తుందో రాసినవాడిని నేనైతే చూడలేదు.

పాత_మోడెమ్ (6:30)

సరే, ఒక మెట్టు దిగుతాను. ఊళ్లో పోటీ ఉన్నా గేటు దగ్గర లేకపోతే నా సిద్ధాంతం గేటు బయటే నిలబడాలి. ఇంకోటి కూడా ఒప్పుకుంటాను. 2024 జులైలో జియో, ఎయిర్‌టెల్, వీఐ మూడూ ఒకేసారి మొబైల్ రేట్లు పెంచాయి. పెద్ద పోటీదార్లు ముగ్గురే మిగిలితే ఒకరినొకరు చూసుకుంటూ పెంచడం తేలిక. ఇంటి నెట్‌లో ఇంకా చిన్న చిన్న ఆపరేటర్లు ఉన్నారు కాబట్టి బతికిపోతున్నాం.

బెళ్లందూరు_బాటసారి (బుధవారం, రాత్రి 9:10)

కాగితం దొరికింది. సెక్రటరీ గారు ముందు "అది కాన్ఫిడెన్షియల్" అన్నారు. నేనూ ఓనర్నే కదండీ అంటే మర్నాడు చూపించారు. ఐదేళ్ల ఒప్పందం, నవంబరులో ముగుస్తుంది. క్లబ్‌హౌస్‌కీ సీసీ కెమెరాలకీ ఉచిత నెట్. దాని పైన అసోసియేషన్‌కి నెలకు 15,000. బదులుగా ఇంకే కంపెనీకీ షాఫ్టులోకి అనుమతి లేదు.

ట్రెజరర్ గారి వాదన ఏంటంటే, ఆ 15,000 పోతే మెయింటెనెన్స్ పెరుగుతుందట. కూర్చుని లెక్క వేశాను. 15,000ని 240 ఫ్లాట్లకి పంచితే ఫ్లాటుకి 62 రూపాయల 50 పైసలు. నెట్ తీసుకున్నవి 190 ఫ్లాట్లు. ఎదురు సందు రేటుతో పోలిస్తే ఒక్కో ఫ్లాటు 472 ఎక్కువ కడుతోంది. మొత్తం నెలకు 89,680. మా జేబులోంచి దాదాపు 90 వేలు తీసి, అందులోంచి 15 వేలు మాకే ఇస్తున్నారు.

శ్రీకాకుళం_సీన (9:14)

అత్త సొమ్ము అల్లుడు దానం. ఇక్కడ అత్తవి మీరే.

లండన్_కోడలు (9:30)

క్లబ్‌హౌస్ నెట్ విలువ కూడా కలపండి, లేకపోతే మీటింగులో ఆ ఒక్క పాయింటు పట్టుకుని మిమ్మల్ని కూర్చోబెడతారు.

ఫైబర్_పాపయ్య (10:05)

ఇంకో కంపెనీని పిలిస్తే సరిపోదు. ఆ రెండోవాడూ తన తీగ వేసి తన కాగితం తెస్తాడు. షాఫ్టులో అసోసియేషన్ సొంత డబ్బుతో ఖాళీ పైపు వేయించండి. అది మీ సొత్తు. ఏ కంపెనీ వచ్చినా అందులోంచి తీగ లాగుకోవాలి, వెళ్లిపోతే తీసుకుపోవాలి. మీరు పైన చెప్పుకున్న స్టాక్‌హోమ్ ఎంత పెద్దదో నాకు తెలీదు గానీ, మీ షాఫ్టుకి ఇది చాలు.

బెళ్లందూరు_బాటసారి (మూడు వారాల తర్వాత, ఆదివారం, మధ్యాహ్నం 2:20)

ఇప్పుడే ఏజీఎం (అసోసియేషన్ వార్షిక సమావేశం) అయింది. మూడు గంటలు. అందులో గంటన్నర కుక్కల గురించి. ఒప్పందం పొడిగించకూడదని 61, పొడిగించాలని 48. పైపులకి డబ్బు సింకింగ్ ఫండ్ (పెద్ద పనులకని దాచిన నిధి) నుంచి.

తమాషా ఏంటంటే, మీటింగ్ నోటీసు గేటు దగ్గర అంటించిన రెండో రోజే ఇప్పుడున్న కంపెనీ సేల్స్ కుర్రాడు లాబీలో టేబుల్ వేసుకుని కూర్చున్నాడు. అదే 100 ఎంబీపీఎస్ 699కట, పాత కస్టమర్లకీ. కొత్త కంపెనీ ఏదీ ఇంకా గేటు కూడా దాటలేదు.

పాత_మోడెమ్ (2:35)

తీసుకున్నారా?

బెళ్లందూరు_బాటసారి (2:38)

నెలవారీగా తీసుకున్నాను. ఏడాది కడితే రెండు నెలలు ఉచితం అన్నాడు, లండన్ కోడలి గారి అత్తగారు గుర్తొచ్చి వద్దన్నాను. పాపయ్య గారూ, పైపు ఎంత సైజు చెప్పమంటారు?

ఫైబర్_పాపయ్య (4:10)

రెండంగుళాలు. ప్రతి టవర్‌కీ రెండు పైపులు, ఫ్లోరుకి ఒక జంక్షన్ డబ్బా. వేసేటప్పుడే లోపల నైలాన్ తాడు వదిలేయమనండి, తీగ లాగడానికి. ప్లంబర్లు ఎప్పుడూ అదే మర్చిపోతారు. మర్చిపోయాక నన్ను పిలుస్తారు. ఆదివారమైతే నేను రాను.